నీలం స్కూటర్ మీద తొలి పత్తి

మా చిన్నప్పుడు దసరా దగ్గర పడిందంటే నాన్న స్కూటర్‌ని వసారాలోకి ఎక్కించి, గోనెపట్టా పరిచి దాని పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు... ఆయుధపూజ నాటికి దాని ఒంటి మీద ఒక్క పెచ్చు కూడా కనపడకూడదు ఆయనకి.

ఆకాశనీలం రంగు బండి. ఎవరో వాడి అమ్మేస్తే కొన్నాడు. పొదిలి దగ్గర మా ఊరి కంకర రోడ్డు మీద తిరిగి తిరిగి, ఎక్కడపడితే అక్కడ రంగు లేచిపోయి తుప్పు కనపడేది.

ముందు ఉప్పుకాగితంతో ఆ తుప్పంతా రుద్దాలి. కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. ఎర్ర ప్రైమర్ పూసి, అది ఆరాక కొబ్బరి చిప్పలో కలిపిన నీలం రంగుని సన్న కుంచెతో అద్దాలి...

రుద్దే పని నాది. కుంచె పట్టే పని మా చెల్లి రమది.

దాని చెయ్యి వణకదట... ముగ్గు వేసినా గీత వంకర పోదట. నేను వేళ్లు మంట పుట్టేలా తుప్పు వదలగొడితే, అది తీరిగ్గా వచ్చి రెండుసార్లు కుంచె ఆడించి పోయేది. పూజ రోజు వీధిలో వాళ్లంతా రంగు ఎంత బాగా కలిసిపోయిందో అని దాన్నే మెచ్చుకునేవాళ్లు. రుద్దింది ఎవరని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. కడుపు మండిపోయేది నాకు.

ఒక ఏడాది అన్నం మానేసి అలిగాను. పోనీలే అని నాన్న హెడ్‌లైట్ కింద పెచ్చు ఒకటి చూపించి కుంచె నా చేతికిచ్చాడు... ఊపిరి బిగబట్టి వేశాను. నిజం చెప్తున్నా, రమ కంటే బాగా వేశాను.

కుంచె తీశానో లేదో, చేలో నుంచి పత్తి మూటలు వచ్చాయి. ఆ ఏటి తొలి తీత. మా ఇంట్లో పత్తి పోసుకునే చోటు ఆ వసారా ఒక్కటే... నాన్న ఆ సంగతే మర్చిపోయాడు. అమ్మ మూట విప్పి కుమ్మరించేసరికి పీచంతా గాల్లోకి లేచి, వచ్చి వచ్చి నా తడి రంగు మీదే అంటుకుంది.

ఏడుపు తన్నుకొచ్చింది. గీకేసి మళ్లీ తను వేస్తానంది రమ. దాంతో ఇంకా మండింది.

నాన్న కుంచె పక్కన పెట్టేశాడు. "ఉండనీ అమ్మా. తొలి పత్తి... లక్ష్మీదేవి తనంతట తను వచ్చి కూర్చుంటే గీకుతామా?"

పూజలో మొదటి బొట్టు అక్కడే పెట్టాడు. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడనుకున్నాను. ఎందుకంటే మరుసటి ఏడు కుంచె మళ్లీ రమ చేతికే వెళ్లింది.

నాన్న పోయాక బండి కూడా రమ ఇంటికే వెళ్లింది. దాన్ని బాగా చూసుకునేది రమే కదా అంది అమ్మ. నేను పైకి సరేనన్నాను... లోపల ఎంత కుళ్లుకున్నానో నాకే తెలుసు.

మొన్న దసరాకి రమ వాళ్లింటికి వెళ్లాను. బండి కొత్తదానిలా మెరుస్తోంది. హెడ్‌లైట్ కింద మాత్రం వేలెడంత చోటు వెలిసిపోయి ఉంది... వంగి చూస్తే లోపల తెల్లటి పీచు. ఇక్కడ ఎందుకు వెయ్యలేదే అని అడిగాను.

బండి తుడుస్తున్నదల్లా ఆగింది రమ. "నాన్న ఏ ఏడూ నన్నక్కడ కుంచె పెట్టనిస్తేగా. అది అక్క చెయ్యి, ముట్టుకోబాక అనేవాడు. ఎంత ఏడ్చేదాన్నో నీకేం తెలుసక్కా."

సిగ్గు లేకుండా చెప్తున్నా... ఇన్నేళ్లలో నా కడుపు అంత చల్లగా ఎప్పుడూ లేదు.

ఇప్పుడు గుంటూరులో మా కారుకి గీత పడితే షెడ్డుకి పంపేస్తాం. ఎవరు రుద్దారో, ఎవరు వేశారో... కొత్తదై తిరిగొస్తుంది. దాని మీద మా ఇంట్లో ఎవరి చెయ్యీ ఉండదు.

మీ ఇంటి పాత బండి మీద మీ చేతి మచ్చ ఏదైనా మిగిలి ఉందా... ఉంటే చెప్పండి. చదివి కాస్త కుళ్లుకుంటాను.