మంట తెలియని పాదాలు

మా మేనత్త పోయిన బుధవారం దవాఖానలో కన్నుమూసింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా "షుగర్ తీసుకపోయింది" అని తేలిగ్గా అనేసి వెళ్తున్నారు. నేను ఒప్పుకోను.

ఇబ్రహీంపట్నం మార్కెట్లో ఇరవై ఏళ్లకు పైగా కొత్తిమీర, పుదీనా, కరివేపాకు అమ్మిన మనిషి. పొద్దున్నే దిగిన కట్టల్లోంచి ఒక్కో రెమ్మ తుంచి, నలిపి, వాసన చూసేది. నచ్చకపోతే కట్ట వెనక్కే. "ముక్కు ఒప్పుకున్నంక ఇంకెవ్వరినడగాలె?" అనేది. నేను డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుంటే, "గంత చదివి సీసాల వాసన సూసుడేనా? నేను బడి మొఖం సూడకనే నేర్చిన" అని నవ్వింది.

మా వీధి చివర టెంటు వేసిన ఒకాయన ఆమెకు దాల్చినచెక్క నూనె ఇచ్చాడు. రోజూ అరికాళ్లకు రుద్దితే షుగర్ దిగుతుందని, గోలీలు అక్కర్లేదని చెప్పాడు. అత్త వాసన చూసి, అసలు సరుకేనంది. నిజంగా అసలు సరుకే. కల్తీ అయితే అక్కడే పట్టేసేది.

అతని కరపత్రం నేనే చదివి చెప్పాను. "ఎలుకల మీద చూసిన్రు అత్తా, మనుషుల సంగతి ఇంక తేలలే. గోలీలు బంద్ చెయ్యకు."

"దినమంత ఆకుల నడుమ తిరిగేదాన్ని, ఎలుక కన్న నేనేం తక్కువనే?" అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకు నన్ను నేను క్షమించుకోలేను.

మొక్కల నూనెల్లో మందు ఉండొచ్చు. ఓపిగ్గా వెతుకుతున్నవాళ్ల మీద నాకు గౌరవమే. "ఉండొచ్చు" అన్న మాటను సీసాలో పోసి "ఉంది" అని అమ్మినవాడి మీదే నా కోపం. పలచన చేయని ఆ నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. మనకైతే నిమిషంలో భగ్గుమంటుంది. అత్తకు మంటే పుట్టలేదు. "మంట లేదంటే నీ ఒంటికి పడ్డట్టే అమ్మా" అన్నాడట. షుగర్ ఆ పాదాల్లో స్పర్శను ఎప్పుడో చంపేసి ఉంటుందని అతనికి తోచలేదా? తోచినా ఊరుకున్నాడా?

బొబ్బలు పుండ్లయ్యాక కూడా, బట్ట చుట్టుకుని పది రోజులు మార్కెట్లో కూర్చుంది.

దవాఖానలో డాక్టర్ ఆమెను కళ్లు మూసుకోమని, దూదితో తాకినప్పుడల్లా చెప్పమన్నాడు. తెలుస్తుందంటే కాలు కోసి తీసేయకుండా ఉంచుతారని ఆమె ఆశ. నా చేయి గట్టిగా పట్టుకుంది.

"అవ్ సారూ, తెలుస్తుంది," అంది. మళ్లీ, "అవ్, గిప్పుడు గుడ తెలుస్తుంది."

ఆయన చేతిలోని దూది ఇంకా ఆమె కాలి దాకా పోనే లేదు.