గాలే చర్చిలో అమ్మ చెప్పులు

శ్రీలంకలో గాలే కోట చూడబోయినప్పుడు అందరూ సముద్రం పక్క గోడెక్కి ఫొటోలు దిగుతుంటే, మా అమ్మ ముందు చర్చికి పోదామంది. నంద్యాలలో ఉన్నా, ఇంకెక్కడున్నా ఆమెకు ముందు చర్చే. అలవాటుగా మెట్ల దగ్గర చెప్పులు విడిచింది గానీ, గుమ్మంలోనే ఆగిపోయింది.

లోపల నేలంతా సమాధి రాళ్లు. వాటి మీద ఎప్పుడో ఆ కోటను ఏలిన డచ్చివాళ్ల పేర్లు. టూరిస్టులు బూట్లతోనే వాటిని తొక్కుకుంటూ తిరుగుతున్నారు.

"మనుషుల మింద యాడన్నా నడుస్తారా పాపా? నేను రాను," అంది అమ్మ.

చర్చి చూసుకునే పెద్దాయన మా దగ్గరికొచ్చి తమిళంలో ఏమైందని అడిగాడు. చెన్నైలో ఉద్యోగం చేశాను కాబట్టి నాకు ఆ భాష వచ్చు. సంగతి చెబితే నవ్వాడు.

"నడవమనమ్మా. చర్చికొచ్చేవాళ్ల అడుగులు వినపడాలనే వీళ్లు ఇక్కడ పడుకున్నారని మా నాయనమ్మ చెప్పేది."

అదే అమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి మెట్లు దిగింది. కోపమొచ్చిందేమో అనుకున్నా. చెప్పులేసుకుని మళ్లీ వచ్చింది. ఏనాడూ చర్చిలోకి చెప్పులతో అడుగుపెట్టని మనిషి, ఈ చివర నుంచి ఆ చివరికి టపటపమంటూ నడిచింది.

"ఉత్త కాళ్లతో పోతే వాళ్లకేం ఇనపడుతుంది?" అంది.

ఊరికొచ్చాక ఒక ఆదివారం నాయన సమాధి దగ్గరికి పోయాం. ఎప్పటిలాగే గేటు దగ్గర నేను చెప్పులు విడవబోతే, అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏసుకోనే రా పాపా. మీ నాయనకు నీ నడక తెలుసు."