రెండు పట్నాలు, ఒక స్వెట్టరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఆ రోజులంటే ఏ గుర్రబ్బండ్ల కాలమో అనుకునేరు. చేతిలో సెల్లూ, సెల్లులో మ్యాపులూ అన్నీ ఉన్న రోజులే. వాటిని తెరిచి చూద్దామన్న బుద్ధి ఒక్కటే లేదు.) ఇరవై మూడేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం. వాకాడు చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో నీళ్ళు సీసాలకు పట్టి, పరీక్ష చేసి, ఉప్పు ఎక్కువైందో తక్కువైందో రైతులకు చెప్పడం నా పని. మా నాన్న వయసువాళ్ళు కూడా నన్ను 'సారూ' అని పిలుస్తుంటే నా కాళ్ళు నేలమీద ఆనేవి కావు. ఎవరేం చెప్పినా సగం వినేసరికే "నాకు తెలుసులే" అనేవాణ్ణి. ఇప్పుడు మా ఆవిడ కూరగాయల చీటీ ఇచ్చినా రెండుసార్లు చదివి వినిపించి మరీ బజారుకు వెళుతున్నానంటే, దానికి కారణం ఒకే ఒక్క మాట. ఆ మాట 'పట్నం'.

మా వైపు పట్నమంటే చెన్నై. మా అవ్వ దాన్ని ఏ రోజూ మద్రాసని కూడా అనలేదు, పట్నమే. కంటి ఆపరేషనుకు పట్నం, పెళ్ళి చీరలకు పట్నం, ఇంట్లో అలిగి పారిపోయేవాళ్ళకూ పట్నమే. గూడూరులో రైలెక్కితే పూట గడవకముందే దిగొచ్చు. ఈ భూమ్మీద ఇంకో పట్నం ఉండొచ్చునని మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

ఉందని నాకు తెలియజెప్పినవాడు ఇగో. ఇది వాడి అసలు పేరు కాదులెండి. కరీంనగర్ వైపు పల్లెటూరివాడు, ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు నెలల శిక్షణకు నాతోబాటు ఒకే గదిలో పడ్డాడు. ఏం చెప్పాలన్నా ముందు "ఇగో..." అని మొదలుపెట్టి, ఆ తర్వాత మాట కోసం వెతుక్కునేవాడు. దొరికితే చెప్పేవాడు, దొరక్కపోతే ఆ 'ఇగో' తోనే సరిపెట్టేవాడు. అందుకని నేనే వాడికి ఆ పేరు పెట్టాను. బదులుగా వాడు నాకు 'రొయ్య' అని పెట్టాడు. (ఆ శిక్షణ జరిగింది విశాఖలో. అదీ పట్నమే! కానీ అక్కడున్నన్నాళ్ళూ పట్నమంటే మా కిటికీలోంచి కనబడేదే కాబట్టి ఇద్దరికీ ఏ అనుమానమూ రాలేదు.)

డిసెంబరు మొదట్లో ఇగో ఫోన్ చేశాడు. "రొయ్యా, ఇగో... శుక్రారం మీ ఊరొస్త. శనారం నువ్వూ నేనూ పట్నం పోదాం. మూడు దినాలు తిరుగుదాం. ఆదివారం పొద్దుగాల పదకొండు గంటలకు ఒక పిల్లను కలవాలె. మా మేనత్త చెప్పిన సంబంధం. పెద్ద దవాఖానల నర్సు. పెద్దోళ్ళెవ్వరూ వద్దు, ఒక దోస్తును తోలుకొని రాండ్రి, చాయ్ తాగుకుంట మాట్లాడుకుందాం అన్నదట. వచ్చే ఆదివారం ఇంకొకళ్ళు చూడవస్తున్నరు. ఈ ఆదివారం తప్పితే ఇగ నా పని అంతే. నాకు నోరు పెగలదని నీకెరుకే గద. నువ్వు పక్కన ఉండాలె." మూడు నెలల్లో వాడు మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు. కాగితం మీద రాసుకుని చదివాడని తర్వాత ఒప్పుకున్నాడు. ఫొటో చూసినప్పట్నుంచీ వాడికి అన్నం సయించడం లేదట. పెద్ద ఆసుపత్రి అనగానే నాకు చెన్నై తప్ప ఇంకేం తోస్తుంది? "నాకు తెలుసులేరా, టికెట్ల సంగతి, తిరిగే సంగతి నాకొదిలెయ్, పట్నం నాకు మా పెరడు లాంటిది" అన్నాను. (అప్పటికి నేను చెన్నై వెళ్ళింది రెండుసార్లు. రెండుసార్లూ అవ్వ చెయ్యి పట్టుకుని కంటి ఆసుపత్రికే.)

ఇక రోజూ సాయంత్రాలు ఫోన్లో ప్రణాళికలు. మెట్రో ఎక్కుదామని వాడంటే ఎక్కుదామని నేను. జూ చూద్దామంటే చూద్దామని. బిర్యానీ సంగతి వాడెత్తితే నాకూ నోరూరింది. ఏ ఊళ్ళో మాత్రం లేవండీ ఇవన్నీ! "సాయంత్రం సాగర్ గట్టు మీద కూసుందాం రా" అన్నాడొకరోజు. సముద్రాన్ని సాగర్ అంటున్నాడు, వీళ్ళ భాష ఎంత గంభీరంగా ఉందో అని ముచ్చటపడి, "అలలు భలే ఉంటాయి అక్కడ" అన్నాను. "అలలా? గాలి గట్టిగొస్తె లేస్తయేమో" అన్నాడు వాడు అనుమానంగా. లోపలి ప్రాంతంవాడు, పాపం, సముద్రమంటే వాడికేం తెలుసని జాలిపడ్డాను. ఇంకోరోజు, "స్వెట్టరు తెచ్చుకో, పట్నంల చలి మస్తుంది" అన్నాడు. ఇక్కడైనా నాకు బుర్ర వెలగాలి. వెలగలేదు. నర్సును కలిసే హోటల్లో ఏసీ గట్టిగా వేస్తారు కాబోలు అనుకుని, గూడూరు వెళ్ళి బట్టల కొట్లో స్వెట్టరు అడిగాను. కొట్టాయన నిచ్చెన వేసుకుని పై అరలోంచి ఒకే ఒక్కదాన్ని దించి, దుమ్ము దులిపి చేతిలో పెట్టాడు. చిలకపచ్చ రంగు. ఎన్నేళ్ళుగా నాలాంటివాడి కోసం కాచుకుని ఉందో! ఇంటికి తెస్తే అమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది.

"పట్నంలో చలేందిరా నాయనా? ఆడ ఉక్కపోతకి జనాలు అల్లాడతా ఉంటే!"

"నీకు తెలీదులేమ్మా, ఏసీలు" అన్నాను.

శుక్రవారం ఇగో దిగాడు. అమ్మ చేసిన చేపల పులుసు రెండు పూటలూ లొట్టలేసుకుంటూ తిని, పడుకోబోయే ముందు, "అమ్మా, ఇగో... రేపటికి రెండు పూటలకు పులిహోర కట్టియ్యవా" అన్నాడు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "మీవాడికి ఆకలి శానా ఎక్కువబ్బా. గూడూరు దాటితే పట్నమే గదా, దానికి రెండు పూటల తిండా! బిడ్డ మొహమాటపడకుండా అడిగినాడు, పోనీలే" అంది గుసగుసగా. "బెర్తులు కిందివి దొరికినయా?" అని వాడడిగితే, "బెర్తులెందుకురా, కూర్చునే పోవచ్చు, కునుకు తీసేలోపల దిగుతాం" అన్నాను నేను. గంత దూరం కూసోనా అని గొణిగి పడుకున్నాడు. వీళ్ళందరూ ఇంత సుకుమారంగా ఉంటారా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శనివారం పొద్దున గూడూరులో రైలెక్కాం. ఇగో కిటికీ పక్కన కూర్చుని, ఆ పిల్లతో ఏం మాట్లాడాలో చీటీ మీద రాసుకుంటున్నాడు. 'నమస్తే. బాగున్నరా' అన్నంతవరకు వచ్చింది. మా ఎదురుగా చెన్నై నుంచి చీరలు తెచ్చి పల్లెల్లో అమ్ముకునే ఒక అక్క ఖాళీ సంచులు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సూళ్ళూరుపేట దాటాక ఇగో చీటీలోంచి తలెత్తి, "రొయ్యా, బెజవాడ ఎన్ని గంటలకొస్తది?" అన్నాడు.

"బెజవాడా? ఈ దారిలో బెజవాడ ఎందుకొస్తుందిరా?"

"మరి పట్నం ఎట్ల పోతం?"

అప్పుడే రైలు ఒక చిన్న స్టేషన్లో ఆగింది. వాడు కిటికీలోంచి బోర్డు చూసి, నా వైపు చూసి, మళ్ళీ బోర్డు చూశాడు. "గీ బోర్డు మీద మన అక్షరాలు ఏవిరా? పట్నం బండి తమిళనాడు మీదికెళ్ళి తిరిగిపోతదా?" అన్నాడు. "పట్నమంటే..." అన్నాను. "పట్నమంటే హైదరాబాదు!" అన్నాడు. "పట్నమంటే చెన్నై గదరా!" అన్నాను. ఆ తర్వాత కాసేపు పెట్టెలో జనమంతా మమ్మల్నే చూశారు. వాడు పట్నం అంటాడు, నేను పట్నం అంటాను. ఇద్దరం ఒకే మాటను ఒకరి ముఖాన ఒకరు విసురుకుంటుంటే చూసేవాళ్ళకు పిచ్చెక్కినట్టే ఉండి ఉంటుంది. "స్వెట్టరు తెచ్చుకోమన్న గద రా! చలన్న గద! ఒక్క దినమన్న సోయి ఉందా నీకు?" అని అరిచి, అరుపు అయిపోగానే రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "అయిపోయింది. రేపు పదకొండింటికి ఆ పిల్ల చూసి చూసి పోతది. ఇంకొకణ్ణి చేసుకుంటది." నేను జీవితంలో మొదటిసారి 'నాకు తెలుసులే' అనలేదు. వాడి బతుకులో జరగబోయే ఒకే ఒక్క మంచిపనిని నేనే చేతులారా పాడుచేశానని ఏడుపొచ్చినంత పనైంది.

చీరలక్క గొంతు సవరించుకుంది. "ఎందుకబ్బా అట్ట కొట్టుకుంటారు? ఇద్దరు చెప్పిందీ పట్నమే. ఆ పట్నానికి బండి ఈ పట్నం నుంచే సాయంత్రం బయల్దేరతాది. తెల్లారితే ఆడుంటారు. ముందు ఆ పులిహోర తీయండి, వాసన వస్తా ఉంది." ఆ మాటకు ప్రాణం లేచొచ్చింది. ముగ్గురం పులిహోర తిన్నాం. రెండు పూటలకు కట్టించింది ఎంత మంచిదైందో అప్పుడర్థమైంది.

చెన్నైలో సాయంత్రం దాకా ఏం చేస్తాం? వాణ్ణి బీచికి తీసుకెళ్ళాను, కనీసం ఆ ఒక్క మాటైనా నిలబెట్టుకుందామని. "ఆ పిల్లకు సంగతి చెప్పరా" అంటే ఫోన్ కలిపి, "నమస్తే. బాగున్నరా. ఇగో..." అని ఆగిపోయాడు. చీటీలో అంతవరకే ఉంది మరి. నేను ఫోన్ లాక్కుని, తప్పంతా నాదేనని మొదటినుంచి చివరిదాకా చెప్పాను. కోపమొచ్చి పెట్టేస్తుందనుకున్నాను.

"ఇప్పుడు మీరు యాడున్నరు?" అంది.

"సముద్రం దగ్గరండీ."

"పట్నం వస్తమని సముద్రానికి పోయిన్రా?" అని మొదలుపెట్టిందండీ నవ్వడం, ఆపితే ఒట్టు! మధ్యలో ఎవరో "సిస్టర్, ఏమైంది" అని అడగడం కూడా వినబడింది. నవ్వు తగ్గాక మాత్రం గొంతు మారింది. "రేపు పదకొండంటే పదకొండే. ఒంటిగంటకు నాకు డ్యూటీ ఉంది. లేటయితే నేను ఆగ" అని పెట్టేసింది. ఇగోకు ఆ నవ్వు ఫోన్లోంచి వినబడినట్టుంది, కాసేపు సముద్రం వైపు చూస్తూ కూర్చుని, లేచి నీళ్ళంచున ఏవో ఏరడం మొదలుపెట్టాడు. వాడి సంచి ఇసకలో నా పక్కనే ఉంది. "సంచి కొంచెం వెనక్కి పెట్టు రా" అని వాడు అరిస్తే, "నాకు తెలుసులే, అల ఇక్కడిదాకా రాదు" అన్నాను. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా! ఆ తర్వాత వచ్చిన రెండో అల సంచిని ఎత్తుకుపోయింది. మోకాళ్ళ లోతులో పరిగెత్తి పట్టుకొచ్చాననుకోండి, కానీ అందులో పిల్లను కలవడానికి ఇస్త్రీ చేయించి తెచ్చుకున్న తెల్ల చొక్కా ఉప్పునీళ్ళు కారుతోంది. ఇగో దాన్ని తీసి పిండి, మడత పెట్టి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. నన్ను తిట్టి ఉంటేనే బాగుండేది.

జనరల్ పెట్టెలో ఒంటికాలి మీద ప్రయాణం గురించి చెప్పను. తెల్లారి హైదరాబాదులో దిగేసరికి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. వాడి ఒంటిమీది చొక్కా రైల్లో నలిగి, ఎవరిదో సాంబారు ఒలికి, చూడబుద్ధి కాకుండా ఉంది. తెల్ల చొక్కాతోబాటు సంచిలోవన్నీ ఇంకా తడే, నా చొక్కాలేమో వాడికి గుండీలు పడవు. ఇక మిగిలింది చిలకపచ్చ స్వెట్టరు. చేతులు వాడికి పొట్టి, మెడ దగ్గర బిగుతు. దాన్నే తొడిగించి, హోటలుకు వెళ్ళేసరికి పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ.

ఆ అమ్మాయి అప్పటికే వచ్చి కూర్చుంది. వాణ్ణి కిందినుంచి పైదాకా చూసి, పెదవి బిగబట్టి, "కూర్చోండ్రి" అంది. ముగ్గురికీ చాయ్ వచ్చింది. ఇగో "ఇగో..." అన్నాడు. ఆగాడు. నేను అందుకుని, "అదేమైందంటేనండీ, మావాడు..." అని మొదలుపెట్టాను.

"మీరు జర ఆగుండ్రి అన్నా. ఆయనను చెప్పనీయుండ్రి."

నోరు మూసుకున్నాను. ఇగో జేబులోంచి రుమాలు ముడి తీసి బల్ల మీద పెట్టి విప్పాడు. నిన్న ఏరిన గవ్వలు, చిన్న చిన్నవి, కొంచెం ఇసకతో సహా. "ఇగో... పట్నంల సముద్రం లేదు గద. అందుకే తెచ్చిన" అన్నాడు. చీటీ లేకుండా. ఆ అమ్మాయి ఈసారి నవ్వలేదు. ఒక గవ్వ తీసి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను నా చాయ్ కప్పు పట్టుకుని మెల్లగా బయటికి వచ్చి, చలికి వణుకుతూ నిలబడి తాగాను. అంత మంచి చాయ్ మళ్ళీ తాగలేదు. తర్వాతి ఆదివారం రావలసిన సంబంధంవాళ్ళు రానే లేదని మే నెలలో ఇగో శుభలేఖ వచ్చినప్పుడు తెలిసింది.

మొన్న డిసెంబరులో ఇగో ఫోన్ చేశాడు, పిల్లలకు సెలవులిస్తున్నారు, రెండు కుటుంబాలూ కలిసి మూడు రోజులు ఎటైనా పోదామని. "పట్నమా?" అన్నాను. "ఏ పట్నం?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంతలో వాళ్ళావిడ ఫోన్ తీసుకుంది. "అన్నా, టికెట్లు ఈయనను చెయ్యనియ్యకుండ్రి, మీరే చెయ్యుండ్రి. ఎటు తీసుకపోయినా మంచిదే" అంది. ఆ సాయంత్రమే సెల్లు తెరిచి కూర్చున్నాను. ఊరి పేరు చదివాను, తేదీ చదివాను, మ్యాపులో చూశాను, మా ఆవిడ చేత ఇంకోసారి చదివించాను, అయినా వేలు ముందుకు పోలేదు. ఏమీ చదవకుండా టికెట్లు కొనేసి, చిలకపచ్చ స్వెట్టరు సంచిలో పెట్టుకుని, పట్నం నాకు పెరడేనంటూ బయల్దేరిన ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడు పక్కన ఉంటే బాగుండుననిపించింది. ఆ స్వెట్టరేమో ఇగో దగ్గరే ఉండిపోయింది. అడిగితే ఇవ్వనంటున్నాడు.