అక్కకు రాని లైసెన్సు

కోవిల్‌పట్టిలో మా పెద్దనాయన తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయినాడు. ఇంటి వెనక గదిలో ఆయనకు హామ్ రేడియో ఉండేది. సర్కారు లైసెన్సు తీసుకుని, ఇంట్లోనుంచే దూరదేశాల వాళ్లతో మాట్లాడే రేడియో. తొంభైల్లో మా అక్క నూలుమిల్లులో షిఫ్టు ముగించుకుని నేరుగా అక్కడికే పోయేది. నేనూ తోడు పోయేదాన్ని.

ఒక ఆదివారం అందులో తెలుగు వినపడింది. గుంటూరు వైపునుంచి ఎవరో ఒకావిడ. మాకు తెలుగంటే ఇంట్లో మాట్లాడుకునేది. గడప దాటితే అరవమే. అంత దూరంనుంచి మన మాట రావడం విని అక్క ఉండలేక పెద్దనాయనతో ఏదో చెప్పింది. లైసెన్సు లేనివాళ్లు మైకులో మాట్లాడకూడదు కనుక ఆమె చెప్పినట్టే ఆయన చేరవేసినాడు. ఆవిడ నవ్వి, "మా అమ్మమ్మ మాట్లాడినట్టుందండీ. ఆ అమ్మాయి గొంతు వినాలనుంది" అనింది.

"నాకూ లైసెన్సు కావాల పెద్దనాయనా" అనింది అక్క ఆ పొద్దే.

దానికి మోర్స్ పరీక్ష ఉండేది. పొట్టి కూతలు, పొడుగు కూతలు విని అక్షరాలు రాయాల. కూతలు పంపడం అక్క తొందరగా నేర్చుకునింది. వినడం దగ్గరే చిక్కు. మిల్లు హోరుకు ఆమె చెవులు దెబ్బతిన్నాయి. మనిషి మాట వినపడేది, సన్నని కూత అందేది కాదు. పెద్దనాయన కూత పెట్టే తన బజ్జరు స్వరం దించి, బొంగురుగా చేసి నేర్పినాడు. పరీక్షలో మాత్రం అందరికీ ఒకటే కూత. రెండోసారీ తప్పింది. మోర్స్ లేకుండా చిన్న లైసెన్సు ఒకటి ఇచ్చేవాళ్లు. దాంతో చుట్టుపక్కల ఊళ్లే అందేవి. "సాత్తూరు వాళ్లతో మాట్లాడేదానికి బస్సుండాది కదా" అని అక్క వద్దనింది.

రెండువేల సంవత్సరం దాటినాక, ఆ పరీక్ష ఉంచాల్నా తీసేయాల్నా అనేది ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకోవచ్చని తెలిసింది. విరుదునగర్‌లో ఒక బడి హాల్లో హామ్ రేడియో వాళ్లంతా కూడినారు. పెద్దనాయన మమ్మల్నీ వెంటబెట్టుకుని పోయినాడు. చిన్నవయసు వాళ్లు తీసేయమన్నారు. ఆయన లేచి, తుపానులో స్తంభాలన్నీ కూలినప్పుడు ఊళ్లను ఆదుకున్నది ఆ కూతలేనని అరవంలో చాలాసేపు చెప్పినాడు. చివర్న గొంతు పెంచి, "సాధన చేయలేని వాళ్లకు మన మధ్య చోటెందుకు?" అన్నాడు. చప్పట్లు మోగినాయి.

అక్క లేచి నిలబడింది. అంతమంది అరవం వాళ్ల మధ్య తెలుగులో అడిగింది.

"నేను సాధన చేయలేదా పెద్దనాయనా?"

ఆయన కూర్చున్నాడు.

తిరుగు బస్సులో ఆయన, "నిన్ను అనలేదు తల్లీ" అన్నాడు.

"తెలుసు. నేను గుర్తుకు రాలేదు, అంతే."

ఆ తరవాత అక్క పెద్దనాయన ఇంటికి పండగలకు పోయేది, కాఫీ తాగేది, వెనక గదిలోకి మాత్రం పోలేదు. పరీక్షలో కూత స్వరం మార్చుకోనివ్వాలని పెద్దనాయన అర్జీ పెట్టినాడు. జవాబు రాకముందే ఆయన చనిపోయినాడు.

మరి కొన్నేళ్లకు మోర్స్ పరీక్ష నిబంధనలు సడలిస్తున్నారని ఎవరో అంటే, పరుగున పోయి అక్కకు చెప్పినాను. అప్పటికి ఎదురుగా కూర్చుని గట్టిగా అంటేనే ఆమెకు వినపడేది. మళ్లీ చెప్పినాను.

"ఇప్పుడొచ్చి ఏం లాభం? నేను మాట్లాడితే సరా, అవతలివాళ్లది వినపడద్దా?" అని, నాకు అన్నం పెట్టడానికి లేచింది.