తడి రోడ్డు మీద నాలుగు గీతలు

పాపకి అప్పుడు ఆరో నెల. గుడివాడ నుంచి బందరుకి మనిషికింతని ఎక్కించుకు వెళ్లే అద్దె కారు, ఇంజను వేడెక్కి, వాన వెలిసిన కాలవ గట్టు మీద ఆగింది. నాతోపాటు దిగిన ఒక పెద్దావిడ వెనక టైరును తడిమి, "లోపలి అంచు నున్నగా అరిగిపోయిందే" అన్నారు. తర్వాత బురదలో మా కారు జాడ చూపించారు. రెండు గీతలు ఉండాల్సిన చోట నాలుగున్నాయి. వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రాకుండా, కాలవ వైపు జరిగి నడిచాయి. పాపని ఎత్తుకుని కాలవకి దూరంగా జరిగాను.

"ఏంటి మామ్మగారూ, కారు కొంటారా?" అన్నాడు డ్రైవరు.

"కొనను నాయనా. ఆ ఎదురుగా ఉన్న మలుపు దాటేదాకా ఎక్కను కూడా. మా ఆయన నడిపిన కారూ ఇలాగే పక్కకి లాగేది." ఆవిడ నా వైపు చేతులు చాచారు. "పాపని ఇటివ్వమ్మా. నడుద్దాం."

కార్లోవాళ్లు నవ్వారు. సిగ్గుపడుతూనే ఆవిడ వెంట నడిచాను. ఇంజను చల్లారాక కారు మలుపు క్షేమంగా దాటి, మాకోసం ఆగింది.

పాపకి ఇప్పుడు అయిదేళ్లు. నన్ను చూసి నేర్చుకుందేమో, తడి రోడ్డు మీద ఏ కారు ఆగినా వెనక్కి వెళ్లి గీతలు చూస్తుంది. నా భయం దానికీ అంటిందని రాత్రిళ్లు నిద్ర పట్టదు. కానీ రెండే గీతలు కనబడితే, నా చెయ్యి వదిలేసి నాకంటే ముందు ఎక్కి కూర్చుంటుంది.