ఎవరూ తొక్కని ఇసుక కోసం

నేను రామేశ్వరం దాకా పోయి, అక్కడితో ఆగక సముద్రంలోని ఒక చిన్న దీవికి ఎందుకు పోయానో మా చిక్కడపల్లిలో తలా ఒక మాట అంటున్నారు. ముసలితనంలో షికారు అన్నవాళ్ళున్నారు, నేను తెచ్చింది సేతువు ఇసుకే కాదన్నవాళ్ళూ ఉన్నారు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు సరళ రాస్తోంది. అటు పోదలచినవాళ్ళు దారి తెలుసుకోండి. అనదలచినవాళ్ళు సంగతి తెలుసుకొని అనండి.

మా ఆడబిడ్డ రాజమ్మ చాలా ఏళ్ళ కిందట కాశీకి పోయి గంగ చెంబు తెచ్చుకుంది. ఆ గంగతో రామేశ్వరంలో అభిషేకం చేయించి, అక్కడి సేతువు ఇసుక తిరిగి గంగలో కలిపితేనే యాత్ర పూర్తయినట్టని మా ఇళ్ళల్లో పట్టింపు. ఈలోగా ఆమె జారిపడి తుంటి విరిగి మంచాన పడింది. చెంబు దేవుడి గూట్లోనే ఉండిపోయింది. ఈ ఏడు పక్కింటివాళ్ళు కాశీకి పోతున్నారని తెలిసి నన్ను పిలిచింది. "నా బదులు నువ్వు పో నర్సమ్మ. మంది తొక్కిన ఇసుక మాత్రం తేకు. ఎవ్వరు తొక్కంది తే," అంది. మంచం పట్టినా ఆమె పెత్తనం మంచం పట్టలేదు.

ఊళ్ళో బందులూ గొడవలూ కాస్త సద్దుమణిగాక నేనూ సరళా బయలుదేరాం. నారాయణగూడ చౌరస్తా దాకా రిక్షా, అక్కడినుంచి బస్సులో సికింద్రాబాద్ స్టేషన్, తర్వాత మద్రాసు బండి. మద్రాసులో ఎగ్మూరు స్టేషన్‌కు మారి రామేశ్వరం బండెక్కాలి. సముద్రం మీది వంతెన వచ్చినప్పుడు బండి నడకకన్నా మెల్లగా పోతుంది, కిటికీలోంచి కిందకు చూస్తే నీళ్ళే. అభిషేకం తృప్తిగా జరిగింది. ఒడ్డుకు పోతే మాత్రం తడిబట్టలు, వాడిన పూలు, కాళ్ళకింద బురద. అది తీసుకుపోతే మా వదినె నా మొహాన పోస్తుంది.

అందుకని మరునాడు వెనక్కి వచ్చి, వంతెన కొసనున్న పాంబన్‌లో దిగి, మనుషులుండని ఒక దీవికి పడవ మాట్లాడాం. రానూపోనూ పది రూపాయలు. పడవవాడు మద్రాసు రేవులో మూటలు మోసి కాస్త తెలుగు నేర్చాడు.

"అమ్మా, అక్కడ గుడి లేదు, మనిషి లేడు. తాగే నీళ్ళు లేదు. ఏం చూస్తావు?"

"చూడనీకి కాదు, ఇసుకకు."

"ఇసుక మా ఇంటి ముందర ఉంది. ఊరికే ఇస్తాను."

"అది నువ్వు రోజు తొక్కుతవు కద," అన్నాను. అతను నవ్వి తెరచాప ఎత్తాడు.

ఎండెక్కకముందే చేరాం. నాలుగు తాటిచెట్లు, కొన్ని పొదలు, చుట్టూ పచ్చగా మెరిసే నీళ్ళు. ఇసుక జల్లించిన బియ్యప్పిండిలా తెల్లగా ఉంది. అల వచ్చి పోయే చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేను కాలు పెట్టగానే అచ్చు పడింది. ఇంకో అడుగు వేస్తే ఇంకో అచ్చు. నడిచిపోతే నేనే తొక్కినదాన్నవుతాను. అందుకే నీటి అంచునే మోకాళ్ళ మీద వంగి, చెయ్యి చాచి అందినంత పొడి ఇసుక సంచిలోకి తోడుకున్నాను. పడవవాడు అది చూసి, ఎవరూ చెప్పకుండానే ఇసుక మీదికి రాక నీళ్ళలోనే నిలబడ్డాడు. తర్వాత మేము తెచ్చుకున్న అటుకులూ పల్లీలూ ముగ్గురం పడవలోనే కూర్చుని తిన్నాం. అంత నిమ్మళంగా తిని ఎన్నేళ్ళయిందో.

ఇల్లు చేరేసరికి పక్కింటివాళ్ళు మూటలు కట్టుకుంటున్నారు, తెల్లారితే ప్రయాణం. రాజమ్మ సంచి విప్పి చూసి మొహం ముడిచింది. "ముగ్గుపిండి గద ఇది? బజార్ల కొన్నవా? గంగల ముగ్గు కలిపిస్తవా? వద్దు, పంపకు."

సగం ఇసుక తాంబాళంలో పోసి, ఆమెను లేపి కూర్చోబెట్టి, తాంబాళం కాళ్ళ కిందికి జరిపాను.

"సేతువు ఇసుక మీద కాళ్ళు పెట్టిస్తవా?" అని అరిచింది.

"ముగ్గుపిండి అంటివి గద వదినె. పెడితే ఏమైతది?"

నేనే ఆమె పాదాలు పట్టి ఇసుకలో పెట్టాను. వేళ్ళు మెల్లగా కదిలాయి. బొటనవేలికి చిన్న గవ్వ తగిలితే వంగి చూసింది.

"నీళ్ళెంత దూరముంటయి, ఈడికెళ్ళి?"

"నాలుగడుగులు."

"అయితే జర ఆగు, తియ్యకు." కాసేపయ్యాక సంచి వైపు చూపించింది. "అది కాశీకి పంపు. ఇది నాకుండనీ."

ఆ సంచి తెల్లారే కాశీకి పోయింది. గుడి దగ్గరి ఇసుక కాదు కాబట్టి చెల్లదనేవాళ్ళకు నా మాట ఒకటే. రాముడు దాటిన సముద్రం గుడి మెట్ల దగ్గరే ఆగిపోయిందా? చెల్లిందో లేదో చెప్పాల్సింది రాజమ్మ. ఇప్పుడు ఆమె పొద్దున్నే చాయ తాగి తాంబాళం అడుగుతుంది. ఆలస్యమైతే తిడుతుంది కూడా. మీరూ అటు పోతే ఇసుక పొడిగా ఉన్న చోటే తోడండి, తడిది దారిలో వాసన వస్తుంది. సంచులు మాత్రం రెండు తీసుకుపోండి.