తల్లి జాకెట్లు, బిడ్డ స్కర్టు

2022లో నా టైలర్ షాపు నాచారంలో, ఫ్యాక్టరీలకు పోయే దారిలో ఉండేది. తర్వాత ఉప్పల్‌కు మారాను. బడులు తెరిచే రోజుల్లో ఆ పాత షాపు నిండా ఉండే కొత్త యూనిఫాం బట్ట వాసన ఇప్పటికీ గుర్తొస్తుంది. లత నన్నన్న మాట కూడా.

లత మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. భర్త పోయి ఏడాది కాలేదు. ఒక సాయంత్రం కూతురు అక్షరతో వచ్చి నేను కుట్టిచ్చిన యూనిఫాం స్కర్టు బల్ల మీద పడేసింది.

"బట్ట మిగిలించుకున్నవా ఏంది మాస్టర్? అప్పుడే హుక్కు పడ్తలేదు!"

షాపు నిండా జనం. నేను ఎవరిదీ జానెడు గుడ్డ దాచుకున్న వాణ్ణి కాను. స్కర్టు తిరగేసి చూపించాను. పిల్లలు పెరుగుతారని కుట్టు లోపల మడిచి వదిలే బట్టను మేము మార్జిన్ అంటాం.

"సూడమ్మా, నీ బట్ట నీ దాంట్లనే ఉన్నది."

"సరే, జర వదులు జెయ్" అంది. తప్పయిందని మాత్రం అనలేదు.

దసరా సెలవుల తర్వాత మళ్లీ వచ్చింది. స్కర్టుతో పాటు ఈసారి తన జాకెట్లు కూడా తెచ్చింది. స్కర్టు వదులు చేయాలట, జాకెట్లు బిగించాలట. మార్జిన్ అయిపోయింది, నా కోపం అయిపోలేదు. గట్టిగా నాలుగు మాటలు అందామనుకుంటూనే రెంటినీ బల్ల మీద పక్కపక్కన పరిచాను. ఒకే ఇల్లు, ఒకే వంట. బిడ్డ లావవుతోంది, తల్లి చిక్కిపోతోంది.

లత గడప అవతల ఫోన్‌లో మాట్లాడుతోంది.

"ఏం బిడ్డా, అమ్మ బువ్వ గూడ నువ్వే తింటున్నవా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

అక్షర నవ్వలేదు. "నానమ్మ నాకు ముందే పెడ్తది తాతా. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి ఆకలి లేదంటది. నాకు మళ్ల ఆకలైతుందని జెప్పి అమ్మ పక్కన కూసుంటా. నాకు తినిపిచ్చుకుంట తను గూడ రెండు ముద్దలు తింటది."

"నీకు నిజంగనే ఆకలైతదా?"

"కాదు. క్లాసుల అందరు నన్ను డ్రమ్ము అంటరు. గానీ నేను తినకుంటే అమ్మ తినది."

ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో, లత గడపలోనే నిలబడి ఉంది. వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"గిట్ల చెయ్యమని ఎవరు చెప్పిన్రే నీకు?"

"ఎవ్వరు చెప్పలే."

లత కూతురి తల నిమిరింది. తర్వాత లేచి జాకెట్లు మాత్రం సంచిలో పెట్టుకుంది.

"ఇవి బిగించకు మాస్టర్. గట్లనే ఉండనీ."

స్కర్టుకు పక్కన పట్టీ వేసి కుట్టి ఇచ్చాను. మరుసటి ఏడు కొత్త యూనిఫాంకు కొలతలు తీస్తే అక్షర పొడుగైంది, నడుము పెద్దగా పెరగలేదు. ఇద్దరం కలిసే తింటున్నామని లత చెప్పింది. అంతకుముందు హుక్కు పడని స్కర్టు వస్తే, బిడ్డకు తిండి తగ్గించమని తల్లులకు నేనే సలహా ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు టేపు తీసే ముందు, వచ్చినామెను "నువ్వు తిన్నవా అమ్మా?" అని అడుగుతాను.